బూట్ తెర మీద ఏసీపీఐ ఎర్రర్: ఎవరి తప్పు, ఎలా చదవాలి

కంప్యూటర్ ఆన్ చేశాక, లినక్స్ ఇంకా లాగిన్ తెర దాకా రాకముందే, నల్లటి తెర మీద రెండు మూడు వరుసలు కనిపించి పోతాయి. ‘ఏసీపీఐ బయోస్ ఎర్రర్’ అని మొదలవుతాయి, మధ్యలో చుక్కలతో కలిపిన నాలుగేసి అక్షరాల పేర్లు ఉంటాయి, చివర ‘ఏఈ నాట్ ఫౌండ్’ అనో ‘ఏఈ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్’ అనో ముగుస్తాయి. ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు పెట్టుకున్న విద్యార్థులు చాలామంది మొదటి రోజే వీటిని చూసి కంగారుపడతారు. మదర్‌బోర్డు పోయిందేమోనని ఒకరు, లినక్స్‌కు ఈ యంత్రం పడదని మరొకరు తేల్చేస్తారు. ఎవరో చెప్పిన చిట్కా పట్టుకుని ఒక ఆప్షన్ పెట్టేసి ఆ వరుసలు కనపడకుండా చేసుకునేవారు ఇంకొందరు. ఈ మూడు స్పందనలూ పొరపాటే. ఆ వరుసలు మీ యంత్రంలోని ఫర్మ్‌వేర్‌ను (బయోస్‌ను) రాసినవారి ప్రోగ్రాంలో ఒక తప్పును ఊరు, వీధి, ఇంటి నంబరుతో సహా చూపిస్తున్నాయి. వాటిని చదివితే అది పట్టించుకోవాల్సిన తప్పా కాదా, ఎక్కడ సరిచేయాలి అన్నది చాలావరకు తెలిసిపోతుంది. చదవకుండా నోరు నొక్కితే, లేని జబ్బుకు మందు వేసినట్టవుతుంది లేదా ఉన్న జబ్బు దాగిపోతుంది.

ఇంత చిక్కు ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే పద్ధతిని తెచ్చాయి. అందులో విద్యుత్ పొదుపు నిర్ణయాల్లో ఎక్కువ భాగం బయోస్ చేతిలో ఉండేది. కొంతసేపు కీబోర్డు కదలకపోతే, డిస్కు తిరగకపోతే, యంత్రం ఖాళీగా ఉందని బయోస్ తనకు తానే అనుకునేది. పైన నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఏ పనిలో ఉందో దానికి తెలిసే దారి దాదాపు లేదు. ఒక పెద్ద లెక్క సాగుతుండగా కీబోర్డు ముట్టుకోకపోవడం సహజం. బయోస్‌కు అది నిద్రపుచ్చాల్సిన సమయంలా కనిపించేది. ఏ ప్రోగ్రాం నడుస్తోందో, ఎవరు నెట్‌వర్క్‌లో ఎదురుచూస్తున్నారో తెలిసింది ఆపరేటింగ్ సిస్టమ్‌కే కాబట్టి పెత్తనం దానికే ఇవ్వాలన్న ఆలోచనతో 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ మొదటి ప్రమాణాన్ని విడుదల చేశాయి. 2013 నుంచి దాన్ని యూఈఎఫ్ఐ ఫోరమ్ నిర్వహిస్తోంది. విద్యుత్ పొదుపు కోసమే పుట్టినా, ఇప్పుడు అది మోసే బరువు అంతకు ఎన్నో రెట్లు. యంత్రంలో ఎన్ని ప్రాసెసర్ కోర్‌లు ఉన్నాయి, ఏ పరికరానికి ఏ ఇంటరప్ట్ వెళ్లాలి, మూత మూస్తే ఏం జరగాలి, బ్యాటరీలో ఎంత మిగిలింది, టచ్‌ప్యాడ్ ఏ తీగ మీద ఉంది అన్నవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ ఏసీపీఐ ద్వారానే తెలుసుకుంటుంది.

పెత్తనం చేతికి వచ్చినంత మాత్రాన ప్రతి మదర్‌బోర్డు లోపలి అమరిక ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎలా తెలుస్తుంది? ఒక మోడల్‌లో ఫ్యాన్‌ను నడిపే చిప్ మరో మోడల్‌లో ఉండదు; ఒకే కంపెనీ రెండు ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ సమాచారం వేర్వేరు చోట్ల దొరుకుతుంది. దీనికి ఏసీపీఐ కనిపెట్టిన ఉపాయం చాలా తెలివైనది, అంతే ప్రమాదకరమైనది కూడా. ఫర్మ్‌వేర్ మెమరీలో కొన్ని పట్టికలు పెట్టి ఉంచుతుంది. కొన్ని పట్టికల్లో ఉండేది అంకెల సమాచారమే. డీఎస్‌డీటీ, ఎస్‌ఎస్‌డీటీ అనే పట్టికలు మాత్రం అలాంటివి కావు, అవి ప్రోగ్రాంలు. మదర్‌బోర్డు తయారీదారు ఏఎస్ఎల్ అనే భాషలో రాస్తే, అది ఏఎంఎల్ అనే బైట్‌కోడ్‌గా మారి ఫర్మ్‌వేర్‌లో కూర్చుంటుంది. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ ఆ బైట్‌కోడ్‌ను చదివి, పేర్లతో ఒక చెట్టులా అల్లుకుని, అవసరమైనప్పుడు అందులోని మెథడ్‌లను తానే నడుపుతుంది. లినక్స్‌లో ఈ పని చేసేది ఇంటెల్ ఆధ్వర్యంలో తయారైన ఏసీపీఐసీఏ అనే ఇంటర్‌ప్రెటర్. ఫ్రీబీఎస్‌డీ కూడా దాన్నే వాడుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: ఎవరో బయటివారు రాసిన, మూలం బయటపెట్టని ఒక ప్రోగ్రాం మీ కెర్నెల్ లోపల, కెర్నెల్‌కు ఉన్న అధికారాలతో నడుస్తోంది. ఈ పట్టికలను విప్పి చూస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో వేల వరుసల కోడ్ ఉంటుంది. అంత కోడ్‌లో తప్పులు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇప్పుడు ఒక ఎర్రర్‌ను తీసుకుని విప్పుదాం. ఇంటెల్ చిప్‌సెట్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఏళ్ల తరబడి కనిపించిన వరుస ఇది: ఎస్‌బీ, పీసీఐ0, శాట్0, ఎస్‌పీటీ0, జీటీఎఫ్, డీఎస్ఎస్‌పీ అన్న పేర్లు చుక్కలతో వరుసగా ఉండి, చివర ‘ఏఈ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. ఎడమనుంచి కుడికి చదివితే అది ఒక చిరునామా. ఎస్‌బీ అంటే యంత్రంలోని పరికరాలన్నీ వేలాడే మూలకొమ్మ, పీసీఐ0 ప్రధాన బస్సు, శాట్0 డిస్కు కంట్రోలర్, ఎస్‌పీటీ0 దాని మొదటి పోర్టు. జీటీఎఫ్ అనేది ఒక మెథడ్. బూట్‌లోనో, నిద్ర నుంచి లేచాకనో డిస్కుకు పంపాల్సిన ఆదేశాల జాబితాను ఇవ్వడం దాని పని. ఆ మెథడ్ డీఎస్ఎస్‌పీ అనే మరో పేరు కోసం వెతికింది, అది చెట్టులో ఎక్కడా లేదు. సందేశం చెప్పింది అంతే. తర్వాత ఏమవుతుంది? ఆ ప్రత్యేక ఆదేశాలు పంపడం కెర్నెల్ మానేస్తుంది, డిస్కును మామూలు పద్ధతిలో సిద్ధం చేసి ముందుకు సాగుతుంది. డిస్కుకు ఏ హానీ లేదు. ఇంకో తరహా కూడా చాలా చోట్ల కనిపిస్తుంది: యూఎస్‌బీ పోర్టులను వర్ణించే యూపీసీ అనే పేరును రెండు పట్టికలు రెండుసార్లు నిర్వచిస్తాయి, రెండోసారి ‘ఏఈ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్’ అని వస్తుంది. పోర్టులు మామూలుగానే పనిచేస్తాయి. ఇలాంటివి పుట్టడానికి కారణం మామూలుదే. ల్యాప్‌టాప్ కంపెనీలు చాలావరకు ఏఎంఐ, ఇన్‌సైడ్, ఫీనిక్స్ వంటి సంస్థల నుంచి ఫర్మ్‌వేర్ తీసుకుని తమ మోడల్‌కు మార్చుకుంటాయి. మార్చేటప్పుడు ఒక పట్టికను తీసేసి, దాన్ని పిలిచే వరుసను తీయడం మరిచిపోతారు, లేదా పాత పట్టిక ఉండగానే కొత్తది కలిపేస్తారు.

మరి ఇంత చిన్న లోపాలు అంత పెద్దగా ఎందుకు భయపెడుతున్నాయి? దీనికి జవాబు కెర్నెల్ సందేశాలను వడకట్టే తీరులో ఉంది. బూట్ సమయంలో కెర్నెల్ వందల వరుసలు రాస్తుంది. చాలా డిస్ట్రిబ్యూషన్లు ‘క్వైట్’ అనే ఆప్షన్‌తో బూట్ అవుతాయి కాబట్టి, ఎర్రర్ స్థాయి, అంతకన్నా తీవ్రమైనవి మాత్రమే తెర మీదికి వస్తాయి. ఏసీపీఐ లోపాలకు వేసే ముద్ర ఎర్రర్ స్థాయిదే. ఆ విధంగా అన్ని వరుసలూ దాగిపోయి ఇవి మాత్రం మిగులుతాయి. తర్వాత ఎప్పుడో గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర యంత్రం బిగుసుకుపోయిందనుకోండి. తెర మీద కళ్లకు కనిపించే చివరి వరుస ఏసీపీఐదే కాబట్టి నేరం దాని మీద పడుతుంది. బూట్ ఆగిపోయిన సందర్భాల్లో ఎంతోమందిని దారి తప్పించేది ఇదే. అందుకే మొదట చేయాల్సిన పని గ్రబ్ మెనూలో ‘ఈ’ మీట నొక్కి, కెర్నెల్ వరుసలోంచి ‘క్వైట్’, ‘స్ప్లాష్’ అనే మాటలను ఆ ఒక్కసారికి తీసేసి బూట్ చేయడం. అప్పుడు ఎర్రర్ తర్వాత ఇంకా ఎంత దూరం నడిచిందో కనిపిస్తుంది. ఆ తర్వాత వందల వరుసలు సాగి, డిస్‌ప్లే మారే చోట ఆగితే, ఏసీపీఐని వదిలి గ్రాఫిక్స్ వైపు చూడాలి. ‘నోమోడ్‌సెట్’ అన్న ఆప్షన్‌తో బూట్ అయితే ఆ అనుమానం బలపడుతుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఒక్క ఎర్రరూ చూపించదు కదా, అప్పుడు తప్పు లినక్స్‌ది కాక ఫర్మ్‌వేర్‌ది ఎలా అవుతుంది? ముందుగా, విండోస్ చూపించకపోవడం వేరు, తప్పు లేకపోవడం వేరు. విండోస్‌కు తనదైన ఏఎంఎల్ ఇంటర్‌ప్రెటర్ ఉంది, అది కొన్ని తప్పులను ఓర్చుకుని పోతుంది. ఓర్చుకోలేని స్థాయికి చేరినప్పుడు అది కూడా ‘ఏసీపీఐ బయోస్ ఎర్రర్’ అనే పేరుతోనే నీలి తెర వేస్తుంది, దాని సంఖ్య ఏ5. రెండో కారణం మార్కెట్‌ది. ల్యాప్‌టాప్ తయారీదారు విండోస్ బూట్ అయిందా, నిద్రపోయి లేచిందా అని పరీక్షించి సరుకు బయటికి పంపుతాడు. ప్రమాణం ఏం చెప్పిందన్నది కాకుండా, విండోస్ ఏం ఓర్చుకుంటుందన్నదే ఆచరణలో హద్దు అవుతుంది. ఫర్మ్‌వేర్ ‘నీవు ఫలానా సిస్టమ్‌వేనా’ అని అడగడానికి ఓఎస్ఐ అనే మెథడ్ ఉంది. ‘విండోస్ 2009’ అంటే విండోస్ 7, ‘విండోస్ 2012’ అంటే 8, ‘విండోస్ 2015’ అంటే 10. వచ్చిన జవాబును బట్టి ఫర్మ్‌వేర్ వేర్వేరు దారుల్లో నడుస్తుంది; ఇంటెల్ యంత్రాల పట్టికల్లో ఓఎస్‌వైఎస్ అనే చరరాశిలో 2009, 2015 వంటి సంవత్సరాలే విలువలుగా కనిపిస్తాయి. లినక్స్ ఈ ప్రశ్నలన్నిటికీ అవునని చెబుతుంది. ‘లినక్స్ నీవేనా’ అని అడిగితే మాత్రం 2.6.23 కెర్నెల్ నుంచి కాదనే అంటుంది. అబద్ధమాడినట్టు కనిపించినా ఇది బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం: ఫర్మ్‌వేర్‌లో లినక్స్ పేరుతో ఉన్న దారులను ఎవరూ సరిగా పరీక్షించలేదు, విండోస్ దారి ఒక్కటే నడిచి చూసిన దారి.

ఈ అసమానత మొదటి నుంచీ ఉన్నదే. ఏసీపీఐ విస్తరణలను ఏదో రకంగా విండోస్‌కే పరిమితం చేయవచ్చా అని ఆలోచిస్తూ బిల్ గేట్స్ 1999 జనవరిలో రాసిన ఒక ఈమెయిల్, అయోవా రాష్ట్రంలో మైక్రోసాఫ్ట్ మీద నడిచిన కేసులో సాక్ష్యంగా బయటికి వచ్చింది. దాన్నిబట్టి ప్రతి ఎర్రర్ వెనకా కుట్ర వెతకడం మాత్రం సబబు కాదు. 2008లో ఫాక్స్‌కాన్ మదర్‌బోర్డు ఒకదానిలో లినక్స్‌కు వేరే, చెడిపోయిన పట్టిక ఇస్తున్నారన్న ఆరోపణ పెద్ద దుమారం రేపింది. కెర్నెల్ డెవలపర్ మాథ్యూ గారెట్ ఆ కోడ్‌ను పరిశీలించి, అది కావాలని చేసినది కాదని, మామూలు తప్పేనని వాదించారు. కంపెనీ బయోస్‌ను సరిచేసి ఇచ్చింది. ఫర్మ్‌వేర్ లోపాల్లో అజాగ్రత్త పాలే ఎక్కువ. అజాగ్రత్తను దురుద్దేశంగా చూసినా, లినక్స్ చేతగానితనంగా చూసినా, సరిచేయాల్సిన చోటు మన చూపు నుంచి జారిపోతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. కొన్నిసార్లు తప్పు నిజంగానే కెర్నెల్ వైపు ఉంటుంది. పట్టికను లోడ్ చేసేటప్పుడు విండోస్ దాన్ని పైనుంచి కిందికి ఒక ప్రోగ్రాంలాగే నడిపిస్తుందని, ఏసీపీఐసీఏ మాత్రం చాలా కాలం వేరేలా చేసిందని తర్వాత తేలింది. పట్టిక మధ్యలో ఒక తప్పు తగిలితే మిగతాది లోడ్ చేయకుండా వదిలేసే తీరు కూడా ఉండేది. దానివల్ల ఒక చిన్న లోపం పెద్ద నష్టంగా మారేది. 2018 ప్రాంతంలో ఈ రెండు విషయాల్లోనూ విండోస్ ప్రవర్తనకు దగ్గరగా మార్పులు వచ్చాయి. కాబట్టి పాత కెర్నెల్‌లో కనిపించిన ఎర్రర్ కొత్తదానిలో పోవచ్చు, కొత్తదానిలో కొత్త ఎర్రర్ రావచ్చు. కెర్నెల్ మార్చి చూడటం దోషనిర్ణయంలో భాగం కావడానికి కారణం ఇదే. నిన్న పనిచేసి ఇవాళ అప్‌డేట్ తర్వాత చెడితే, పాత కెర్నెల్‌తో బూట్ చేసి పోల్చడం అన్నిటికన్నా తొందరగా తేల్చే పరీక్ష.

ఇప్పుడు అందరి నోటా వినిపించే ఆ చిట్కా దగ్గరికి వద్దాం: కెర్నెల్ ఆప్షన్లలో ‘ఏసీపీఐ=ఆఫ్’ అని పెట్టేయడం. ఎర్రర్ వరుసలు పోతాయి, నిజమే. చదివే పనే మానేస్తే తప్పులు కనపడవు. ఇది ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. ఏసీపీఐ లేకపోతే కోర్‌ల జాబితా ఇచ్చే పట్టిక కూడా ఉండదు. ఎనిమిది కోర్‌ల ప్రాసెసర్ ఒక్క కోర్‌తో నడిచే పరిస్థితి రావచ్చు. బ్యాటరీ శాతం కనపడదు, మూత మూసినా నిద్రపోదు, షట్‌డౌన్ చేశాక యంత్రం ఆరిపోకుండా అలాగే ఉండిపోవచ్చు, ఐ2సీ మీద ఉన్న టచ్‌ప్యాడ్ దొరకదు. కొన్ని కొత్త యంత్రాలు ఇది పెడితే అసలు బూటే కావు. ఈ చిట్కాకు ఒక చరిత్ర ఉంది. ఏసీపీఐ కొత్తగా వచ్చిన రోజుల్లో బయోస్‌లు ఎంత అధ్వాన్నంగా ఉండేవంటే, 2001కి ముందు తేదీ ఉన్న బయోస్ కనిపిస్తే ఏసీపీఐని దానంతట అదే ఆపేసే ఏర్పాటు లినక్స్ కెర్నెల్‌లోనే ఉండేది. అప్పుడు ఏపీఎం, పాత ఇంటరప్ట్ పట్టికలు పక్కన సిద్ధంగా ఉన్నాయి కాబట్టి అది అర్థవంతమైన సలహా. ఆ పాత ఆసరాలు పోయాయి, సలహా మాత్రం మిగిలింది. ఇవాళ దానికి ఉన్న ఒకే ఒక ఉపయోగం పరీక్షది: ఏసీపీఐ ఆపితే బూట్ అవుతోందా లేదా అని ఒక్కసారి చూసి, సమస్య ఏ వైపు ఉందో తెలుసుకుని, వెంటనే తీసేయాలి. దాన్ని శాశ్వతంగా ఉంచుకోమనడం తప్పుడు సలహా.

ఎక్కువ ఎర్రర్లు హానిలేనివే అయితే వాటిని దాచేస్తే పోదా అని ఎవరైనా అడగవచ్చు. లాగ్‌స్థాయిని తగ్గించి తెర మీద కనపడకుండా చేసుకోవడంలో, లాగ్‌లో మాత్రం ఉంచుకుంటే, పెద్ద తప్పేమీ లేదు. చదవకుండానే అన్నిటినీ ఒక గాటన కట్టడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే అచ్చం అలాంటి ముఖంతోనే నిజమైన కష్టాలూ వస్తాయి. ‘ఏఈ టైమ్’ అని వచ్చి, పక్కన ఎంబెడెడ్ కంట్రోలర్ పేరు ఉంటే, బ్యాటరీ, కీబోర్డు, చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్ కూడా చూసుకునే చిన్న చిప్ సమయానికి జవాబు ఇవ్వలేదని అర్థం. దాని ఫలితం బ్యాటరీ కనిపించకపోవడంలోనో, ఉష్ణోగ్రత తప్పుగా రావడంలోనో తేలుతుంది. ఏసీపీఐలో ఉష్ణోగ్రతను కెల్విన్‌లో పదో వంతుల లెక్కన చెబుతారు. సున్నా డిగ్రీల సెల్సియస్ అంటే 2732. టీఎంపీ అనే మెథడ్ ఒక చెత్త విలువ ఇస్తే, కెర్నెల్ అది సీఆర్‌టీ అనే ప్రమాద హద్దు దాటిందని నమ్మి యంత్రాన్ని ఆపేయవచ్చు. వాడుతుండగా కారణం లేకుండా ఆరిపోయే ల్యాప్‌టాప్‌కు ఇదీ ఒక కారణం కావచ్చు, కాబట్టి ఉష్ణోగ్రత, థర్మల్ అన్న మాటలున్న ఎర్రర్‌ను ఎప్పుడూ చిన్నచూపు చూడకూడదు.

ఇంకొక రకం అసలు ఎర్రర్ వరుసే లేకుండా వస్తుంది. మూత తెరవడం, ఛార్జర్ పెట్టడం వంటి సంఘటనలను ఫర్మ్‌వేర్ జీపీఈ అనే సంకేతాల ద్వారా తెలుపుతుంది. వాటిలో ఒకటి ఆగకుండా మోగుతూ ఉంటే, కెర్నెల్ దానికి జవాబు చెబుతూ ఒక కోర్‌ను పూర్తిగా తినేస్తుంది. యంత్రం ఖాళీగా ఉన్నా వేడెక్కుతుంది, టాప్ అనే ఆదేశంతో చూస్తే ‘కేవర్కర్’ అనే పని పైన కూర్చుని ఉంటుంది. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్ల తరం నాటి కొన్ని యంత్రాల్లో జీపీఈ6ఎఫ్ ఇలాగే చాలామందిని ఏడిపించింది. సిస్ఎఫ్‌ఎస్ అనే కెర్నెల్ ఫైల్ వ్యవస్థ కింద ఫర్మ్‌వేర్, ఏసీపీఐ, ఇంటరప్ట్స్ అన్న ఫోల్డర్‌లో ఒక్కో జీపీఈ ఎన్నిసార్లు మోగిందో లెక్క ఉంటుంది. లక్షల్లో ఉన్న ఒక్కటి దొరికితే దొంగ దొరికినట్టే. దాన్ని ఒక్కదాన్నే మూసే ఆప్షన్ కూడా ఉంది. మరో హెచ్చరిక, సిస్టమ్ఐఓ పరిధి ఓపీరీజియన్‌తో ఢీకొంటోందన్నది. ఒకే చిప్‌ను ఫర్మ్‌వేర్ కోడ్, లినక్స్ డ్రైవర్ ఇద్దరూ ముట్టుకోబోతున్నారని దాని అర్థం. ఉష్ణోగ్రత సెన్సర్ కనిపించాలని ఈ రక్షణను సడలించమని చెప్పే సలహాలు ఉన్నాయి. ఒకరు రాస్తుండగా మరొకరు రాస్తే ఆ చిప్ ఏ స్థితిలోకి వెళుతుందో ఎవరూ చెప్పలేరు, అందుకే కెర్నెల్ తలుపు మూసింది. సెన్సర్ అంకె కోసం ఆ తలుపు తెరవడం మంచి బేరం కాదు.

అయితే పద్ధతి ఏమిటి? ముందు సందేశాన్ని పూర్తిగా పట్టుకోవాలి. డీమెసేజ్‌లోనో జర్నల్‌సీటీఎల్‌లోనో ఏసీపీఐ అన్న మాటతో వెతికితే తెర మీద జారిపోయినవి కూడా దొరుకుతాయి. కెర్నెల్ ‘ఫర్మ్‌వేర్ బగ్’ అని ముందుమాట వేసిన వరుసలనూ చూడాలి. ప్రతి వరుసలో మూడే మూడు ప్రశ్నలు అడగాలి: చిరునామా ఏ పరికరానిది, మెథడ్ ఏ పని చేయాలి, చివరి కోడ్ ఏం జరిగిందంటోంది. ఆ తర్వాతి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది దాటేసేది కూడా: ఆ పరికరం నిజంగా చెడుగా ప్రవర్తిస్తోందా? డిస్కు చిరునామాతో ఎర్రర్ ఉండి, మీ బాధ తెర వెలుతురు మారకపోవడం అయితే, రెంటికీ సంబంధం లేదు. లక్షణమే లేకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. లక్షణం ఉంటే మొదటి మందు తయారీదారు ఇచ్చే కొత్త బయోస్, ఎందుకంటే తప్పు పుట్టిన చోటు అదే. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోతుందన్న భయం సహజం; అందుకే బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జర్ పెట్టి, అచ్చంగా ఆ మోడల్‌కు చెందిన ఫైలుతోనే చేయాలి. చాలా కంపెనీలు ఇప్పుడు ఎల్‌వీఎఫ్ఎస్ అనే సేవ ద్వారా లినక్స్ నుంచే అప్‌డేట్ అయ్యేలా ఫర్మ్‌వేర్ ఇస్తున్నాయి.

బయోస్ కొత్తదైనా బాధ తీరకపోతే, అప్పుడు ఆప్షన్ల వంతు. అవీ సమస్య ఎంతుందో అంతకే సరిపోవాలి. విండోస్ 8 నుంచి తెర వెలుతురును గ్రాఫిక్స్ డ్రైవర్ చూసుకోవడం మొదలయ్యాక, ఫర్మ్‌వేర్‌లోని పాత వెలుతురు మెథడ్‌లను చాలా కంపెనీలు పట్టించుకోవడం మానేశాయి; ‘ఏసీపీఐ బ్యాక్‌లైట్=నేటివ్’ అన్నది అక్కడికే పరిమితమైన మందు. మూత మూసి సంచిలో పెడితే బ్యాటరీ కరిగిపోతుంటే, సిస్ఎఫ్‌ఎస్‌లో మెమ్‌స్లీప్ అనే ఫైలు ‘డీప్’ అన్న నిద్రను చూపుతోందో లేదో చూడాలి. చూపకపోతే ఆ ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ పాత ఎస్3 నిద్రను ఇవ్వడమే మానేసి ఉంటుంది, అప్పుడు ఏ ఆప్షనూ దాన్ని తేలేదు. 2016 ప్రాంతంలో ఇంటెల్, ఎన్‌విడియా రెండు గ్రాఫిక్స్ చిప్‌లూ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లు బూట్‌లోనే బిగుసుకుపోయేవి. పరిశీలిస్తే, ఎన్‌విడియా చిప్‌ను ఆపి మళ్లీ లేపే ఏఎంఎల్ కోడ్ ఒక లింకు పైకి వచ్చేదాకా ఆగే లూప్‌లో చిక్కుకుంటోందని తేలింది. ‘విండోస్ 2009’కు మాత్రమే అవునని చెప్పేలా ఓఎస్ఐ జవాబు మారిస్తే ఫర్మ్‌వేర్ పాత దారిలో వెళ్లి ఆ లూప్‌ను తప్పించుకునేది. ఇంత గుచ్చిగుచ్చి చూడగలిగారు కాబట్టే, ఏసీపీఐ అంతటినీ ఆపేయాల్సిన అవసరం రాలేదు.

ఇంకా లోతుకు వెళ్లదలచినవారికి దారి తెరిచే ఉంది. ఏసీపీఐడంప్‌తో పట్టికలు బయటికి తీయవచ్చు, ఐఏఎస్ఎల్‌తో బైట్‌కోడ్‌ను చదవగలిగే కోడ్‌గా మార్చుకోవచ్చు. కెనానికల్ తయారుచేసిన ఫర్మ్‌వేర్ టెస్ట్ సూట్ ఏ నియమం తప్పిందో జాబితా ఇస్తుంది. తప్పు సరిచేసిన పట్టికను ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ ముందు భాగంలో పెట్టి, రివిజన్ సంఖ్య పెంచితే, బూట్ సమయంలో కెర్నెల్ ఫర్మ్‌వేర్ పట్టికకు బదులు దాన్ని వాడుతుంది. సెక్యూర్ బూట్‌తో కెర్నెల్ లాక్‌డౌన్‌లో ఉంటే ఈ అవకాశం ఉండదు. అది అకారణం కాదు. ఏఎంఎల్ కోడ్ మెమరీలో ఎక్కడైనా రాయగలదు. దానితో రూట్‌కిట్ నిర్మించవచ్చని భద్రతా పరిశోధకుడు జాన్ హీస్‌మన్ 2006లోనే బ్లాక్ హ్యాట్ సదస్సులో చూపించారు. 2020లో పట్టికలు లోడ్ చేసే మరో దారి లాక్‌డౌన్‌ను దాటేందుకు పనికివస్తోందని బయటపడితే దాన్నీ మూశారు. సొంత యంత్రాన్ని బాగుచేసుకునే హక్కుకూ దాని భద్రతకూ మధ్య ఇక్కడ నిజమైన పెనుగులాట ఉంది. పట్టిక మార్చడం కోసం సెక్యూర్ బూట్‌ను ఆపేయడం సాధారణ వాడుకరికి నేను సూచించను. తప్పును తయారీదారు సరిచేయాలి.

తయారీదారు సరిచేయాలంటే ఎవరో ఒకరు అడగాలి. అసలు ఫర్మ్‌వేర్ మూలమే తెరిచి ఉంటే ఈ బాధలో సగం తీరుతుంది. 1999లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో రాన్ మినిచ్ లినక్స్‌బయోస్ పేరుతో మొదలుపెట్టిన కోర్‌బూట్ ఇవాళ క్రోమ్‌బుక్‌లలో నడుస్తోంది, అది జరిగే పనేనని రుజువైంది. మిగతా యంత్రాల విషయంలో మన చేతిలో ఉన్నది ఫిర్యాదు. ‘లినక్స్‌లో ఎర్రర్ వస్తోంది’ అని రాస్తే ఏ కంపెనీ కదలదు. మోడల్ పేరు, బయోస్ వెర్షన్, కెర్నెల్ వెర్షన్, పూర్తి ఎర్రర్ వరుస, దానివల్ల ఏ పరికరం ఎలా ఇబ్బంది పెడుతోందన్నది, జతగా ఏసీపీఐడంప్ ఫైలు పెట్టి కంపెనీకి, కెర్నెల్ బగ్‌జిల్లాకు పంపితే తీరు వేరుగా ఉంటుంది. ఒకసారి సరైతే ఆ మోడల్ వాడే అందరికీ సరవుతుంది. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న విద్యార్థులకు ఒక విన్నపం: మీ ల్యాప్‌టాప్ డీఎస్‌డీటీని ఒకసారి విప్పి చదవండి. కావలసిన పనిముట్లన్నీ ఉచితం, అవసరమైన ప్రమాణ పత్రం యూఈఎఫ్ఐ ఫోరమ్ వెబ్‌సైట్‌లో ఎవరికైనా దొరుకుతుంది.